చేతికి తగిలిన గోల్, బార్‌కి తగిలిన గోల్: రెండిటికీ ఒకే లెక్క పనికిరాదు

మీరు అడిగింది ముందు ఒకసారి అందరికీ అర్థమయ్యేలా చెప్పేస్తా. మీ ఫుట్‌బాల్ టోర్నమెంట్ ఫైనల్లో డిఫెండర్ గట్టిగా కొట్టిన క్లియరెన్స్ రెండు గజాల దూరంలో ఉన్న అవతలి టీమ్ స్ట్రైకర్ ముంజేతికి తగిలి వాళ్ల వాడి కాళ్ల దగ్గరే పడింది, ఆ రెండోవాడు గోల్ కొట్టాడు, రిఫరీ ఇచ్చేశాడు. చివర్లో ఇంకో షాట్ బార్‌కి (గోల్ పైనున్న అడ్డకర్రకి) తగిలి కింద పడి బయటికొచ్చింది, లైన్స్‌మన్ గోల్ అన్నాడు, అదీ ఇచ్చేశాడు. ఓడిన టీమ్ వాళ్లు మొబైల్ వీడియో పట్టుకుని కమిటీకి ప్రొటెస్ట్ రాసిచ్చారు. మొదటి గోల్ చెల్లుతుందా, రెండోది చెల్లుతుందా, కమిటీ రిజల్ట్ మార్చొచ్చా అని మీ డౌట్.

నేను చాలా ఏళ్లు జిల్లా, రాష్ట్ర స్థాయి మ్యాచ్‌లకి విజిల్ ఊదాను, ఇప్పుడు ఎక్కువగా కొత్త రిఫరీలకి క్లాసులు చెప్తుంటా. ఈ రెండు గొడవల్నీ జనం కలిపేసి ఒకే తీరుగా కొట్లాడతారు, అసలు చిక్కంతా అక్కడే. బంతి గీత దాటిందా లేదా అన్నది జరిగిన విషయం, దానికి అవును లేదా కాదు, మధ్యలో ఏమీ ఉండదు, మనకి కనపడిందా లేదా అన్నది వేరే సంగతి. హ్యాండ్‌బాల్ అలా కాదు, చేతికి తగిలిందని పదిమందీ ఒప్పుకున్నాక కూడా అది తప్పా కాదా అన్నది రిఫరీ ఆలోచించి చెప్పాలి. క్రికెట్ భాషలో చెప్పాలంటే గీత దాటడం రనౌట్, హ్యాండ్‌బాల్ ఎల్బీడబ్ల్యూ. రనౌట్‌కి కెమెరా పెడితే గొడవ అయిపోతుంది, ఎల్బీకి ఎన్ని కెమెరాలు పెట్టినా అంపైర్స్ కాల్ అంటూ ఏదో ఒకటి మిగుల్తుంది కదా, ఇదీ అంతే.

ముందు మీ మొదటి గోల్. "చేతికి తగిలితే గోల్ క్యాన్సిల్, అనుకోకుండా తగిలినా సరే" అని ఆ టీమ్ వాళ్లు అంటున్నారంటే వాళ్లని తప్పు పట్టలేం, ఎందుకంటే రెండేళ్లపాటు నిజంగానే రూల్ దాదాపు అలాగే ఉండేది. 2019లో రూల్స్ రాసే ఐఫాబ్ వాళ్లు ఏం పెట్టారంటే, ఎటాకింగ్ టీమ్‌లో ఎవరి చేతికైనా అనుకోకుండా తగిలినా సరే, దాని వల్ల వెంటనే గోల్ వచ్చినా గోల్ ఛాన్స్ వచ్చినా అది తప్పే అని. వినడానికి సింపుల్‌గానే ఉంది, గ్రౌండ్ మీదకి వచ్చేసరికి చాలా అన్యాయంగా తయారైంది. 2021 మార్చి 4న ప్రీమియర్ లీగ్‌లో ఫుల్హామ్, టోటెన్హామ్ మ్యాచ్ గుర్తుందా, టోటెన్హామ్ డిఫెండర్ డేవిన్సన్ సాంచెజ్ కొట్టిన క్లియరెన్స్ దగ్గర్లోనే ఉన్న ఫుల్హామ్ ప్లేయర్ మారియో లెమినా చేతికి వచ్చి తగిలింది, చెయ్యి ఒంటికి ఆనుకునే ఉంది, అతను చేయగలిగింది కూడా ఏమీ లేదు, బంతి జోష్ మాజా దగ్గర పడి అతను గోల్ కొట్టాడు, వీఏఆర్ (వీడియో చూసి రిఫరీకి చెప్పే టీమ్) క్యాన్సిల్ చేసింది, ఫుల్హామ్ 1-0తో ఓడిపోయింది. మీ మ్యాచ్‌లో జరిగింది అచ్చం ఇదే చూడండి. ఆ మర్నాడే, మార్చి 5న, ఐఫాబ్ మీటింగ్‌లో ఆ రూల్ తీసేశారు (మీటింగ్ ముందే అనుకున్నదే లెండి, కానీ ఫుల్హామ్ వాళ్లకి ఎలా ఉండుంటుందో). 2021 జులై 1 నుంచి కొత్త మాట అమల్లోకి వచ్చింది.

ఇప్పుడున్న లెక్క ఇది. గోల్ కొట్టినవాడి సొంత చేతికి తగిలి బంతి నేరుగా లోపలికెళ్లినా, లేదా వాడి చేతికి తగిలిన వెంటనే వాడే గోల్ కొట్టినా, అనుకోకుండా తగిలినా సరే గోల్ లేదు, అవతలి వాళ్లకి డైరెక్ట్ ఫ్రీ కిక్. అదే ఒకడి చేతికి అనుకోకుండా తగిలి పక్కవాడు గోల్ కొడితే, ఆ తగలడం ఒక్కటే కారణంగా క్యాన్సిల్ చేయడానికి లేదు. కాబట్టి మీ రిఫరీ గోల్ ఇవ్వడం రూల్ ప్రకారం కరెక్ట్ అవ్వడానికి పూర్తి అవకాశం ఉంది. పూర్తిగా కరెక్ట్ అని ఎందుకు అనట్లేదంటే ఇంకో ప్రశ్న మిగిలుంది, ఆ స్ట్రైకర్ చెయ్యి ఆ టైంలో ఎక్కడుంది?

ఇక్కడే ఎల్బీడబ్ల్యూ మొదలవుతుంది. మనవాళ్లు ఎప్పటినుంచో చెప్పుకునే మాట ఒకటుంది, "బంతి చేతి దగ్గరికొచ్చిందా, చెయ్యి బంతి దగ్గరికెళ్లిందా" అని. మంచి మాటే కానీ ఇప్పుడది సగం రూలే. చెయ్యి కదిపి కావాలని ముట్టుకుంటే ఎలాగూ హ్యాండ్‌బాలే, అందులో డౌట్ లేదు. రెండో సగం ఏంటంటే, కావాలని ముట్టుకోకపోయినా చేతులు చాపి ఒంటిని ఉండాల్సిన దానికంటే పెద్దది చేసుకుంటే అదీ తప్పే. పెద్దది చేసుకోవడం అంటే చెయ్యి ఒంటికి ఎన్ని అంగుళాల దూరంలో ఉందని స్కేల్ పెట్టి కొలవడం కాదు, ఆ క్షణంలో అతను చేస్తున్న పనికి చెయ్యి అక్కడ ఉండటం సహజమా కాదా అని. పరిగెత్తేవాడి చేతులు ఊగుతాయి, ఎగిరేవాడి చేతులు పైకి లేస్తాయి, జారి పడేవాడు చెయ్యి నేలకి ఆన్చుకుంటాడు, ఇవన్నీ మనిషి ఒళ్లు చేసే పనులే. అదే షాట్‌కి అడ్డం నిలబడినవాడు గోలీ లాగా చేతులు రెండు పక్కలా చాపి నిలబడితే వాడు రిస్క్ తీసుకున్నట్టే, బంతి ఎంత స్పీడ్‌గా వచ్చినా, ఎంత దగ్గర్నుంచి వచ్చినా వాడిది తప్పే అవ్వొచ్చు.

చెయ్యి ఎక్కడ మొదలవుతుంది అన్నదానికి కూడా గీత గీశారు, చంక కింది అంచు దగ్గర్నుంచి కిందకి చెయ్యి, పైన ఉన్నదంతా భుజం. భుజంతో గోల్ కొట్టినా చెల్లుతుంది. పొట్టి చేతుల జెర్సీ కింది వరకూ భుజమే అని కొందరు రిఫరీలు కూడా క్లాసుకొచ్చి వాదిస్తుంటారు, జెర్సీలు మన దగ్గర మోచేయి దాకా ఉంటాయి బాబూ, ఆ లెక్కన వాలీబాల్ ఆడుకోవచ్చు.

అంపైర్స్ కాల్ మిగుల్తుంది అన్నాను కదా, దానికి పెద్ద ఉదాహరణ 2024 యూరో క్వార్టర్ ఫైనల్. జులై 5న స్టట్‌గార్ట్‌లో స్పెయిన్, జర్మనీ, ఎక్స్‌ట్రా టైంలో 1-1 మీద ఉండగా జర్మనీ ప్లేయర్ ముసియాలా కొట్టిన షాట్ స్పెయిన్ డిఫెండర్ కుకురెయా చేతికి తగిలింది. తగిలిందని స్టేడియం మొత్తానికి కనపడింది. రిఫరీ ఆంథనీ టేలర్ పెనాల్టీ ఇవ్వలేదు, వీఏఆర్ కూడా కదిలించలేదు, ఎందుకంటే చెయ్యి కిందకి, ఒంటి వైపుకి వస్తోంది అని వాళ్ల లెక్క. స్పెయిన్ 119వ నిమిషంలో గోల్ కొట్టి గెలిచి చివరికి కప్పు కూడా పట్టుకెళ్లింది. రెండు నెలలు ఆగి సెప్టెంబర్‌లో యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఈఎఫ్ఏ రిఫరీల కమిటీ అది పెనాల్టీ ఇవ్వాల్సిందే అని చెప్పింది! ప్రపంచంలో టాప్ రిఫరీలు, అన్ని యాంగిల్స్ రీప్లేలు, స్లో మోషన్, అన్నీ ఉండి కూడా వాళ్లలో వాళ్లకే రెండు అభిప్రాయాలు వచ్చాయంటే, ఒక్క కంటితో ఒక్క సెకన్లో చూసిన మీ రిఫరీని కమిటీ రూంలో కూర్చోబెట్టి దొంగని నిలదీసినట్టు నిలదీయడంలో అర్థం లేదని నా ఉద్దేశం.

కొత్త రిఫరీలకి నేను చెప్పేది, హ్యాండ్‌బాల్ అరుపు వినపడగానే విజిల్ నోట్లోకి పోకూడదు. ఒక్క క్షణం ఆగి మనసులో సీన్ వెనక్కి తిప్పుకోవాలి, బంతి ఎక్కడ్నుంచి వచ్చింది, ఎంత దగ్గర్నుంచి, అతనికి బంతి వస్తోందని తెలుసా, చెయ్యి ముందే అక్కడుందా లేక బంతి వైపు కదిలిందా, ఆ కదలిక పరుగుకి సంబంధించిందా. ప్లేయర్ల అరుపుని అస్సలు లెక్కలోకి తీసుకోకండి, మన ప్లేయర్లు బంతి ఛాతీకి తగిలినా "హ్యాండ్ సార్ హ్యాండ్" అనే అరుస్తారు, అది ఊపిరి తీసుకోవడం లాంటి అలవాటు. సౌండ్ మాత్రం కొంచెం పనికొస్తుంది, చర్మానికి తగిలిన చప్పుడు వేరేగా ఉంటుంది, కానీ సౌండ్ మీద మాత్రమే పెనాల్టీ ఇవ్వకూడదు.

కార్డుల సంగతి త్వరగా చెప్పేస్తా ఎందుకంటే ఇదీ అందరూ కలగాపులగం చేస్తారు. ప్రతి హ్యాండ్‌బాల్‌కీ ఎల్లో కార్డు లేదు. కావాలని చేత్తో గోల్ ఆపేస్తే రెడ్, 2010 వరల్డ్ కప్‌లో ఘనా మీద ఉరుగ్వే ప్లేయర్ సువారెజ్ చేసింది అదే, రెడ్ ఇచ్చారు, పెనాల్టీ ఇచ్చారు, ఆ పెనాల్టీని అసమోవా జ్యాన్ బార్‌కి కొట్టాడు. ఘనా వాళ్ల బాధ వేరు, కానీ రిఫరీ చేసింది నూటికి నూరు కరెక్ట్, చేత్తో ఆపాడు కదా గోల్ ఇచ్చేయండి అనడానికి రూల్స్‌లో చోటు లేదు. 2024 నుంచి ఒక మార్పు వచ్చింది, కావాలని కాకుండా చెయ్యి చాపి ఉండటం వల్ల గోల్ ఆగిపోయి పెనాల్టీ ఇస్తే ఎల్లో చాలు, రెడ్ అక్కర్లేదు.

ఇక మీ రెండో గోల్, బార్ కింద పడిన బంతి. ఇక్కడ రూల్ ఒక్కటే లైన్, బంతి మొత్తం గోల్ లైన్ మొత్తాన్నీ దాటాలి, గాల్లో అయినా నేల మీద అయినా. ఈ "మొత్తం" అన్న మాట దగ్గరే అందరూ జారిపోతారు. బంతి చుట్టుకొలత 68 నుంచి 70 సెంటీమీటర్లు, అంటే అడ్డంగా సుమారు 22. గీత వెడల్పు గోల్ పోస్టు వెడల్పంత ఉండాలి, ఎక్కువలో ఎక్కువ 12 సెంటీమీటర్లు. బంతి నేలకి తగిలే చోటు దాని నడిమధ్యన ఉంటుంది, కాబట్టి ఆ చోటు గీత లోపలి అంచుకి 11 సెంటీమీటర్లు అవతల పడితేనే బంతి పూర్తిగా దాటినట్టు. అంటే గీత అవతల, లోపల మట్టి మీద స్పష్టంగా మచ్చ పడినా కూడా అది గోల్ కాకపోవచ్చు! గీతకి జానెడు లోపల మచ్చ ఉంటే గోల్, నాలుగు వేళ్ల లోపల ఉంటే కాదు. మన గ్రౌండ్లలో సున్నంతో గీస్తారు కాబట్టి ఇంకో వాదన కూడా వస్తుంది, "బంతికి సున్నం అంటింది, అంటే గీత మీదే పడింది, గోల్ కాదు" అని. ఆ బౌన్స్ వరకూ ఆ మాట కరెక్టే. కానీ సున్నం అంటలేదు కాబట్టి గోల్ అనడం మాత్రం తప్పు, ఆ 11 సెంటీమీటర్ల జాగాలో పడితే సున్నమూ అంటదు, గోలూ కాదు.

ఇది ఎంత కష్టమో చూడండి. 108 కిలోమీటర్ల స్పీడ్‌తో పోయే షాట్ సెకనుకి 30 మీటర్లు పోతుంది. బార్‌కి తగిలాక కొంచెం తగ్గుద్ది అనుకున్నా, గీత అవతల అది ఉండేది రెప్పపాటు కూడా కాదు. పైగా లైన్స్‌మన్ మామూలుగా నిలబడేది గోల్ లైన్ దగ్గర కాదు, చివరి నుంచి రెండో డిఫెండర్‌కి సమానంగా, ఆఫ్‌సైడ్ చూస్తూ. దూరం నుంచి షాట్ కొడితే అతను గోల్ లైన్‌కి పది పదిహేను గజాల వెనకుంటాడు, అక్కడ్నుంచి ఏటవాలుగా చూస్తే గీత మీద ఉన్న బంతి లోపలున్నట్టూ, లోపలున్నది గీత మీదున్నట్టూ కనపడుతుంది. 1966 జులై 30, వెంబ్లీ, వరల్డ్ కప్ ఫైనల్, ఇంగ్లాండ్, వెస్ట్ జర్మనీ 2-2, ఎక్స్‌ట్రా టైంలో ఇంగ్లాండ్ ప్లేయర్ జెఫ్ హర్స్ట్ షాట్ బార్‌కి తగిలి కింద పడి బయటికొచ్చింది, మీ మ్యాచ్ లాగే. స్విస్ రిఫరీ గాట్‌ఫ్రీడ్ డీన్స్ట్‌కి కనపడలేదు, లైన్స్‌మన్ తోఫిక్ బహ్రామోవ్ దగ్గరికెళ్లి అడిగాడు, అతను గోల్ అన్నాడు. అరవై ఏళ్ల నుంచి జర్మనీ వాళ్లు ఒప్పుకోలేదు, ఫుటేజీ మీద జరిగిన విశ్లేషణలు కూడా ఎక్కువగా బంతి పూర్తిగా దాటలేదనే చెప్పాయి. బహ్రామోవ్ మాత్రం సొంతూరు బాకులో హీరో, అక్కడి స్టేడియానికి అతని పేరే పెట్టారు. రిఫరీ పేరుతో స్టేడియం, ఊహించుకోండి, మనల్ని అయితే గ్రౌండ్ గేటు దాకా తరుముతారు.

దానికి రివర్స్ 2010లో జరిగింది, జూన్ 27, బ్లోమ్‌ఫాంటీన్, మళ్లీ వాళ్లిద్దరే, ఈసారి ఇంగ్లాండ్ ప్లేయర్ లాంపార్డ్ షాట్ బార్‌కి తగిలి గీతకి చాలా లోపల పడింది, టీవీ చూస్తున్న చిన్నపిల్లాడికి కూడా తెలిసింది, రిఫరీకీ లైన్స్‌మన్‌కీ తెలీలేదు. ఇస్తే 2-2 అయ్యేది, చివరికి జర్మనీ 4-1తో గెలిచింది. అప్పటివరకూ టెక్నాలజీ వద్దన్న ఫిఫా ఆ దెబ్బకి దారికొచ్చింది, 2012 జులైలో గోల్ లైన్ టెక్నాలజీకి ఒప్పుకున్నారు, 2014 బ్రెజిల్ వరల్డ్ కప్‌లో పెట్టారు. ఒక్కో గోల్‌కి ఏడు కెమెరాలు, బంతి మొత్తం దాటితే ఒక్క సెకన్లో రిఫరీ వాచ్‌కి సిగ్నల్. అప్పట్నుంచి పెద్ద మ్యాచ్‌ల్లో ఈ గొడవ దాదాపు చచ్చిపోయింది. దాదాపు అని ఎందుకన్నానంటే 2020 జూన్‌లో ఆస్టన్ విల్లా, షెఫీల్డ్ యునైటెడ్ మ్యాచ్‌లో గోలీ బంతితో సహా లోపలికి పోయాడు, కెమెరాలకి గోలీ, ప్లేయర్లు, పోస్టు అడ్డమొచ్చి వాచ్ మోగలేదు, వాచ్ మోగలేదు కాబట్టి రిఫరీ ఇవ్వలేదు. తర్వాత ఆ కెమెరాల సిస్టం నడిపే హాక్ ఐ కంపెనీ సారీ చెప్పింది.

"మొత్తం దాటాలి" అన్నది పైనుంచి చూస్తేనే తెలుస్తుందని జనానికి బాగా అర్థమైంది మాత్రం 2022 ఖతార్ వరల్డ్ కప్‌లో. జపాన్ వాళ్ల మితోమా గోల్ పక్కన లైన్ మీద నుంచి బంతిని వెనక్కి లాగాడు, తనాకా గోల్ కొట్టాడు, జపాన్ 2-1తో స్పెయిన్‌ని ఓడించింది, దాంతో అదే గ్రూపులో ఉన్న జర్మనీ ఇంటికెళ్లింది. పక్కనుంచి తీసిన ఫొటోల్లో బంతికీ గీతకీ మధ్య పచ్చగడ్డి కనపడుతుంది, పైనుంచి చూస్తే మాత్రం బంతి వంపు గీత అంచు మీద మిల్లీమీటర్ల లెక్కన వేలాడుతోంది. గడ్డి కనపడటం సాక్ష్యం కాదు.

అందుకే మీ వాళ్ల మొబైల్ వీడియో గురించి నేను కొంచెం కఠినంగా చెప్తా. ఫోన్ మామూలుగా సెకనుకి 30 ఫ్రేములు తీస్తుంది, ఇందాక చెప్పిన స్పీడ్‌లో బంతి ఒక ఫ్రేముకీ ఇంకో ఫ్రేముకీ మధ్య మీటర్ జరిగిపోతుంది. అంటే అది లోపలున్న క్షణం అసలు వీడియోలో లేకపోవచ్చు. పైగా తీసినవాడు సరిగ్గా గోల్ లైన్‌కి సూటిగా నిలబడి తీస్తే తప్ప యాంగిల్ అబద్ధం చెప్తుంది. టచ్ లైన్ దగ్గర కూర్చుని తీసిన వీడియోని జూమ్ చేసి ఎర్ర గీతలు గీసి వాట్సాప్‌లో తిప్పడం సరదాకి బానే ఉంటుంది, దాంతో గోల్ తేల్చలేం.

మరి మీ లైన్స్‌మన్ కరెక్టా? అతను ఎక్కడున్నాడో మీరు రాయలేదు, నాకు కావాల్సింది అదొక్కటే. కార్నర్ తర్వాత షాట్ అయితే అతను కార్నర్ ఫ్లాగ్ దగ్గర, గోల్ లైన్‌కి సూటిగా ఉండుంటాడు, అప్పుడు అతని మాట నమ్మొచ్చు. దూరం షాట్ అయి, అతను పద్దెనిమిది గజాల బాక్స్ అంచుకి సమానంగా ఉంటే, గీతకి బాగా లోపల పడితే తప్ప అక్కడ్నుంచి గోల్ అని చెప్పకూడదు. నేను క్లాసుల్లో చెప్పేది, నీకు కనపడితే ఇవ్వు, కనపడిందేమో అనిపిస్తే ఇవ్వకు, గోల్ అన్నది డౌట్ మీద ఇచ్చేది కాదు. 1986లో మారడోనా చేత్తో కొట్టిన గోల్ కూడా ఇలాగే చెల్లింది, ట్యునీషియా రిఫరీ అలీ బెన్నాసెర్ లైన్స్‌మన్ వైపు చూశాడు, లైన్స్‌మన్ సెంటర్ వైపు వెళ్తున్నాడు, సరే అతనికి ఏమీ తప్పు కనపడలేదేమో అని ఇచ్చేశాడు. ఇద్దరూ ఒకరి మీద ఒకరు ఆనుకున్నారు. అందుకే మ్యాచ్‌కి ముందే సిగ్నల్స్ మాట్లాడుకోవాలి. గోల్ క్లియర్‌గా ఉంటే లైన్స్‌మన్ రిఫరీ కళ్లలోకి చూసి టచ్ లైన్ వెంట సెంటర్ వైపు పరిగెత్తాలి, ఫ్లాగ్ ఎత్తక్కర్లేదు. మీ మ్యాచ్ లాగా బంతి లోపలికెళ్లి బయటికొచ్చి ఆట నడుస్తూ ఉంటే మాత్రం ముందు ఫ్లాగ్ ఎత్తి రిఫరీని పిలిచి, అప్పుడు పరిగెత్తాలి. హ్యాండ్ చూశాడనుకోండి, పరిగెత్తకుండా అక్కడే నిలబడాలి, ఆ నిలబడటం చూసి రిఫరీ వచ్చి అడుగుతాడు.

మన గ్రౌండ్లలో ఇంకో బాధ, నెట్ ఉండదు, ఉన్నా చిరిగిపోయి ఉంటుంది. దీన్ని చిన్నగా తీసుకోకండి, 2013లో జర్మనీ టాప్ లీగ్‌లోనే లెవర్‌కూసెన్ ప్లేయర్ కీస్లింగ్ హెడర్ పోస్టు బయట్నుంచి సైడ్ నెట్ చిరుగులోంచి లోపలికి దూరింది, బంతి నెట్‌లో కనపడింది కాబట్టి రిఫరీ గోల్ ఇచ్చేశాడు. మ్యాచ్ మొదలవ్వకముందు నెట్ చుట్టూ చెయ్యి పెట్టి తిరిగి చూడాలి, చిరుగుంటే సుతిలి తాడుతో కట్టించాలి, రిఫరీ పనే అది.

బాధపడే ఇంకో సంగతి మనకి సొంతంగా ఉంది, 2024 జూన్ 11న దోహాలో ఇండియా, ఖతార్ వరల్డ్ కప్ క్వాలిఫయర్. చాంగ్టే గోల్‌తో మనం 1-0 మీద ఉన్నాం, గెలిస్తే మూడో రౌండ్. 73వ నిమిషంలో మన గోలీ గుర్‌ప్రీత్ ఆపిన బంతి గోల్ పక్కన లైన్ దాటి బయటికి పోయింది, ఖతార్ ప్లేయర్ దాన్ని కాలితో వెనక్కి లాగాడు, యూసెఫ్ ఐమెన్ లోపలికి నెట్టాడు, రిఫరీ గోల్ ఇచ్చాడు. ఆ రౌండ్‌లో వీఏఆర్ లేదు. 2-1తో ఓడిపోయాం. అది మితోమా కేసు లాంటిది కాదు, బంతి బయట ఉందని రీప్లేలో స్పష్టంగా తెలిసిపోతుంది. మన ఫుట్‌బాల్ ఫెడరేషన్ ఏఐఎఫ్ఎఫ్ ఫిఫాకీ, ఆసియా సంఘం ఏఎఫ్‌సీకీ కంప్లైంట్ రాసింది, ఎంక్వైరీ అడిగింది, స్కోర్ మాత్రం 2-1 గానే ఉండిపోయింది.

అక్కడికే మీ మూడో ప్రశ్న వచ్చేస్తుంది. రూల్స్‌లో ఐదో లా చాలా సూటిగా ఉంది, ఆటలో జరిగిన విషయాల మీద రిఫరీ నిర్ణయం ఫైనల్, గోల్ అయిందా లేదా, మ్యాచ్ రిజల్ట్ ఏంటి అన్నవి కూడా అందులోకే వస్తాయి. రిఫరీ తన మాట తాను మార్చుకోవాలన్నా ఆట మళ్లీ మొదలవ్వకముందే, అంటే గోల్ తర్వాత కిక్ ఆఫ్ కొట్టకముందే. కొట్టేశాక అతనూ మార్చలేడు. కీస్లింగ్ గోల్ మీద కూడా అవతలి టీమ్ రీమ్యాచ్ అడిగితే జర్మన్ ఫెడరేషన్ కోర్టు ఒప్పుకోలేదు, దొంగ గోల్ అని అందరికీ తెలిసినా 2-1 అలాగే ఉంది. దానికి ముందు 1994లో బయర్న్ ప్లేయర్ హెల్మర్ పోస్టు పక్కనుంచి బయటికి కొట్టిన బంతిని లైన్స్‌మన్ గోల్ అంటే, న్యూర్న్‌బర్గ్ వాళ్లు కంప్లైంట్ చేస్తే మాత్రం రీమ్యాచ్ పెట్టారు, ఫిఫా దానికి గుర్రుమంది. న్యూర్న్‌బర్గ్ ఆ రీమ్యాచ్‌లో 5-0తో చిత్తుగా ఓడింది, మొదటి మ్యాచ్ 2-1తోనే ఓడారు పాపం. మన ఐఎస్ఎల్‌లో (ఇండియన్ సూపర్ లీగ్) 2023 మార్చిలో బెంగళూరు ప్లేయర్ ఛెత్రి త్వరగా కొట్టేసిన ఫ్రీ కిక్ గోల్‌కి కేరళ బ్లాస్టర్స్ వాళ్లు గ్రౌండ్ వదిలి వెళ్లిపోయారు, ప్రొటెస్ట్ కొట్టేశారు, 4 కోట్ల ఫైన్ పడింది, కోచ్‌కి 10 మ్యాచ్‌ల బ్యాన్.

అయితే ఒక్క సందు ఉంది, దాన్ని మీ కమిటీ తెలుసుకోవాలి. రిఫరీ చూడటంలో పొరపాటు పడితే అది ఫైనల్, కానీ రూలే తప్పుగా వాడితే అది వేరే కేసు. 2005లో ఉజ్బెకిస్తాన్, బహ్రెయిన్ క్వాలిఫయర్‌లో ఉజ్బెక్ వాళ్లు పెనాల్టీ గోల్ కొట్టారు, కొట్టకముందే వాళ్ల ప్లేయర్ ఒకడు బాక్స్‌లోకి దూరాడు, రూల్ ప్రకారం మళ్లీ కొట్టించాలి, రిఫరీ మాత్రం బహ్రెయిన్‌కి ఫ్రీ కిక్ ఇచ్చాడు. ఇది చూపు పొరపాటు కాదు, రూల్ పొరపాటు, అందుకే ఫిఫా మ్యాచ్ రద్దు చేసి మళ్లీ ఆడించింది. ప్రొటెస్ట్ చేసింది 1-0తో గెలిచిన ఉజ్బెకిస్తానే, మళ్లీ ఆడితే సొంతగడ్డ మీద 1-1, అక్కడికెళ్తే 0-0, బయట కొట్టిన గోల్ లెక్కలో బహ్రెయిన్ ముందుకెళ్లింది.

కాబట్టి మీ కమిటీ వీడియో చూడటం పక్కనపెట్టి రిఫరీని రెండే అడగాలి, రాతపూర్వకంగా. ఒకటి, మొదటి గోల్‌లో చేతికి తగలడం చూశారా, చూస్తే ఎందుకు తప్పు కాదనుకున్నారు? "దగ్గర్నుంచి వచ్చింది, చెయ్యి మామూలుగా ఉంది, గోల్ కొట్టింది వేరేవాడు" అని రాస్తే గోల్ చెల్లుతుంది, కమిటీ పని అక్కడితో అయిపోతుంది. "నాకు కనపడలేదు" అని రాసినా చెల్లుతుంది, అది చూపు సంగతి. "చెయ్యి ఎత్తి ఆపాడు కానీ కొట్టింది పక్కవాడు కదా అని ఇచ్చేశా" అని రాస్తే మాత్రం అది రూల్ తెలియకపోవడం, అప్పుడు మీ టోర్నమెంట్ రూల్స్ షీట్‌లో రీమ్యాచ్ గురించి ఏముందో చూసుకోండి. రెండోది, బార్ గోల్ ఎవరి మాట మీద ఇచ్చారు, ఆ లైన్స్‌మన్ ఎక్కడున్నాడు? జవాబు ఏదైనా ఆ గోల్ మారదు, కానీ వచ్చే ఏడాది ఎవర్ని లైన్ మీద పెట్టాలో మీకు తెలుస్తుంది. ఫైనల్‌కి అయినా ఇద్దరు ట్రైనింగ్ ఉన్న లైన్స్‌మన్లని జిల్లా అసోసియేషన్ నుంచి అడగండి, ఆడే టీమ్ సబ్‌స్టిట్యూట్ చేతిలో ఫ్లాగ్ పెట్టి నడిపించే అలవాటు మానేయండి. గోల్ లైన్ రెండు వైపులా పోస్టు వెడల్పంతే గీయించండి, మొన్న ఒక గ్రౌండ్‌లో చూశా, పోస్టుకి రెట్టింపు వెడల్పున సున్నం పోశారు, అక్కడ బార్ కింద పడిన బంతిని దేవుడొచ్చినా చెప్పలేడు.